పాత పుస్తకాలు, నాటి పర్యావరణ ఉద్యమ పత్రికల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

అడవులు, నదులు, ఆనకట్టలు, పురుగుమందులు, అణు విద్యుత్తు వంటి అంశాలపై సాగిన ఉద్యమాలు తమ కాలంలో అచ్చువేసుకున్న పత్రికలను, చిన్న పుస్తకాలను, కరపత్రాలను సేకరించాలనుకునే తెలుగు పాఠకుల కోసం ఈ ప్రశ్నలు, సమాధానాలు సిద్ధం చేశాము. పాత పుస్తకాల సేకరణకు సంబంధించిన సాధారణ విషయాలు కూడా అవసరమైన మేరకు ఇందులో ఉన్నాయి.

అంతా ఇంటర్నెట్‌లో దొరుకుతున్న ఈ రోజుల్లో పాత పత్రికలు కొని దాచుకోవడం ఎందుకు?

అంతా దొరకదన్నది మొదటి కారణం. రెండవది అంతకంటే ముఖ్యమైనది. ఒక ఉద్యమం గురించి వచ్చే పుస్తకం సాధారణంగా ఆ ఉద్యమం గెలిచిందో ఓడిందో తెలిసిన తర్వాత రాసినది. రచయిత ఎంత నిజాయితీగా రాసినా కథనం ఆ ముగింపు వైపే నడుస్తుంది. పత్రిక అలా కాదు. నర్మద మీద కడుతున్న సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకు ఇస్తున్న అప్పును విమర్శిస్తూ 1990లో వ్యాసం రాసిన మనిషికి, బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర సమీక్షా సంఘం 1992లో ఆ ప్రాజెక్టును తప్పుపట్టబోతోందని గాని, 1993లో ఆ అప్పులో మిగిలిన భాగం రద్దు కాబోతోందని గాని, అంత జరిగినా ఆనకట్ట లేవబోతోందని గాని తెలియదు. ఏమవుతుందో తెలియని స్థితిలో ఆ మనుషులు చేసిన వాదనలు, వేసిన అంచనాలు, తమలో తాము పడిన తగవులు ఆనాటి సంచికలలోనే ఉంటాయి. మేము ఈ సేకరణకు ఇంత విలువ ఇవ్వడానికి అదే కారణం.

మరొక సంగతి కూడా గమనించాలి. ఇంటర్నెట్‌లోకి ఎక్కేవి చాలాసార్లు ప్రధాన వ్యాసాలు మాత్రమే. పాఠకుల లేఖలు, చందా రేట్లు, విరాళాల కోసం చేసిన విజ్ఞప్తులు, ప్రకటనలు, "వచ్చే నెల ఫలానా ఊరిలో సమావేశం" అన్న చిన్న ప్రకటన వంటివి కాగితం మీదే మిగిలిపోతాయి. ఒక పత్రికను ఎవరు నడిపారు, ఎవరు చదివారు, డబ్బు ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ చిన్న అక్షరాలలోనే దొరుకుతుంది.

మొదలుపెట్టేవారు ఏ పత్రికలతో ప్రారంభించాలి?

సులభంగా దొరికే భారతీయ పత్రికలతో ప్రారంభించడం మంచిది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌ను అనిల్ అగర్వాల్ 1980లో స్థాపించారు. ఆ సంస్థ దేశ పర్యావరణ పరిస్థితి మీద తొలి పౌర నివేదికను 1982లో వెలువరించింది. ప్రభుత్వ గణాంకాలతో పాటు ఊళ్ళలో పనిచేసే కార్యకర్తలు పంపిన సమాచారాన్ని కూడా కలిపి తయారుచేసిన ఆ నివేదికను హిందీలోకి అనుపమ్ మిశ్ర, కన్నడంలోకి శివరామ కారంత్ తెచ్చారు. అదే సంస్థ నుంచి 1992 మే నెలలో, రియో ధరిత్రీ సదస్సుకు కొద్ది రోజుల ముందు, "డౌన్ టు ఎర్త్" పక్షపత్రిక మొదలైంది. తొలి పదేళ్ళ సంచికలు పాత పుస్తకాల కొట్లలో ఇప్పటికీ అప్పుడప్పుడు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. వన్యప్రాణుల విషయంలో బిట్టు సహగల్ 1981లో ప్రారంభించిన "శాంక్చురీ" ఉంది. ఇది నాణ్యమైన కాగితం మీద ఫోటోలతో వచ్చిన పత్రిక కావడంతో చాలామంది పారవేయకుండా దాచుకున్నారు, అందువల్ల మంచి స్థితిలో ఉన్న ప్రతులే దొరుకుతాయి.

విదేశీ పత్రికలలో ముందుగా చూడవలసినది ఎడ్వర్డ్ గోల్డ్‌స్మిత్ 1970 జూలైలో ఇంగ్లండ్‌లో ప్రారంభించిన "ది ఎకాలజిస్ట్". ఆ పత్రిక 1972 జనవరి సంచిక మొత్తాన్ని "ఎ బ్లూప్రింట్ ఫర్ సర్వైవల్" అన్న ఒకే పత్రానికి కేటాయించింది. ఆ ఏడాది జూన్‌లో స్టాక్‌హోంలో జరగబోయే ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సుకు ముందు వచ్చిన ఆ సంచిక తర్వాత పెంగ్విన్ పుస్తకంగా కూడా వెలువడి విస్తారంగా అమ్ముడుపోయింది. పుస్తకం సులభంగానే దొరుకుతుంది. పత్రిక సంచిక దొరకడం కష్టం. ఇదే పత్రిక 1998 సెప్టెంబరు–అక్టోబరు సంచికను మొన్‌శాంటో కంపెనీ మీద ప్రత్యేక సంచికగా తయారుచేస్తే, పరువునష్టం దావాకు భయపడిన ముద్రాపకులు అచ్చయిన 14,000 ప్రతులను ధ్వంసం చేశారు. మరొక ముద్రణాలయం ముందుకు వచ్చాకే ఆ సంచిక పాఠకులకు చేరింది. ఒక సంచిక అరుదుగా మారడానికి పాతబడడం ఒక్కటే కారణం కాదని ఈ ఉదంతం చెబుతుంది.

"రిసర్జెన్స్" 1966లో జాన్ పాప్‌వర్త్ సంపాదకత్వంలో మొదలైంది. రాజస్థాన్‌లో పుట్టి, కొంతకాలం జైన సన్యాసిగా ఉండి, 1962లో అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఢిల్లీ నుంచి కాలినడకన బయలుదేరిన సతీశ్ కుమార్ 1973 నుంచి దీనికి నాలుగు దశాబ్దాలకు పైగా సంపాదకుడుగా ఉన్నారు. గాంధీ, వినోబాల ఆలోచనలు ఇంగ్లండ్ పర్యావరణ చర్చలలోకి ఏ దారిన వెళ్ళాయో చూడాలనుకునేవారు ఈ పత్రికను తప్పక చదవాలి. 2009లో కాగితం మీద ఆగిపోయిన "ఎకాలజిస్ట్" 2012లో దీనితోనే కలిసిపోయింది.

అమెరికా పత్రికల విషయానికి వస్తే, పనిముట్లు, పుస్తకాల వివరాలతో స్టీవర్ట్ బ్రాండ్ 1968లో తెచ్చిన "హోల్ ఎర్త్ కేటలాగ్" పేరు అందరూ వినేదే. ఉద్యమ పత్రిక అన్న మాటకు అసలు నమూనాగా మాత్రం మేము అడవుల రక్షణ కోసం పోరాడిన "ఎర్త్ ఫస్ట్" బృందం 1980లో మొదలుపెట్టిన అదే పేరుగల పత్రికను చెబుతాము. మామూలు న్యూస్‌ప్రింట్ మీద, ఏడాదికి ఎనిమిది సార్లు, నెలల పేర్లకు బదులు సంహైన్, యూల్, బెల్టేన్ వంటి ప్రాచీన ఐరోపా పండుగల పేర్లతో వచ్చేది. ఈ క్రమం తెలియకపోతే సంచికలను వరుసలో పెట్టడం కష్టం. సంహైన్ నవంబరు మొదట్లో, యూల్ డిసెంబరు చివర, బెల్టేన్ మే మొదట్లో వస్తాయని గుర్తుంచుకుంటే తక్కినవి సర్దుకుంటాయి.

తెలుగులో సేకరించదగినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. మా దృష్టిలో తెలుగు సేకర్త చేయగల అత్యంత విలువైన పని ఇదే. "ఎకాలజిస్ట్" పాత సంచికలు ఇంగ్లండ్ గ్రంథాలయాలలో భద్రంగానే ఉన్నాయి; మనం ఒక ప్రతిని కాపాడకపోయినా అది లోకం నుంచి మాయమైపోదు. తెలుగులో వచ్చిన ఉద్యమ సాహిత్యం పరిస్థితి వేరు. అందులో ఎక్కువ భాగం పత్రికల రూపంలో కాక చిన్న పుస్తకాలు, నిజనిర్ధారణ నివేదికలు, కరపత్రాలు, సభల ఆహ్వానపత్రాల రూపంలో వచ్చింది. వాటిని అచ్చువేసినవారి దగ్గర కూడా చాలాసార్లు ఒక్క ప్రతి మిగలదు.

పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలతో చెరువులు, వాగులు పాడైన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గిరిజన భూములలో గనుల లీజుల మీద విశాఖ మన్యంలో సాగిన పోరాటం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు (సమత అన్న స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చినది) దారితీసింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములను, అంటే చిత్తడి నేలలను, కాపాడుకోవడానికి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ప్రతిఘటించిన జనం మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో అదే జరిగింది. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా పెద్దయెత్తున ప్రచారం సాగింది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ పౌరహక్కుల సంఘాలు, గిరిజన సంఘాలు, మత్స్యకారుల సంఘాలు, స్థానిక పోరాట కమిటీలు ఏదో ఒకటి అచ్చువేసి పంచుతూ వచ్చాయి. దినపత్రికల జిల్లా అనుబంధాలలో వచ్చిన వార్తలు కూడా ఈ కోవలోకే వస్తాయి, ఎందుకంటే హైదరాబాదు ఎడిషన్ దాచిన గ్రంథాలయంలో శ్రీకాకుళం పేజీలు ఉండవు.

వీటికోసం పుస్తకాల కొట్లకంటే మనుషులను వెతకాలి. రిటైరైన ఉపాధ్యాయులు, యూనియన్ కార్యకర్తలు, న్యాయవాదులు, జిల్లా విలేకరుల ఇళ్ళలో అటకమీద ఇటువంటి కట్టలు ఉంటాయి. అడిగేటప్పుడు "పాత కాగితాలేమైనా ఉన్నాయా" అని అడిగితే ఏమీ లేవంటారు. "ఫలానా సభ జరిగినప్పుడు పంచిన కరపత్రం మీ దగ్గర ఉందా" అని సందర్భం చెప్పి అడిగితే గుర్తుకు వస్తుంది.

పాత పుస్తకాలు, పత్రికలు ఏయే ఊళ్ళలో దొరుకుతాయి?

హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, మిగిలిన రోజులలో కోఠి కొట్లు అందరికీ తెలిసినవే. కోఠిలో పాఠ్యపుస్తకాలదే రాజ్యం. మనకు కావలసినవి ఆబిడ్స్‌లో ఎక్కువగా వస్తాయి. విజయవాడలో లెనిన్ సెంటర్ చుట్టుపక్కల పాత పుస్తకాల కొట్లు ఉన్నాయి. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారపు సంత 2019లో మహిళా హాట్‌కు మారింది. ఢిల్లీలోని సంస్థలు, రాయబార కార్యాలయాలు వదిలించుకునే పత్రికలు అక్కడికి చేరుతుంటాయి కనుక ఆ ఊరు వెళ్ళినవారు ఒక ఆదివారం కేటాయించుకోవడం మంచిది. బెంగళూరు చర్చి స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్డు ప్రాంతపు కొట్లలో పర్యావరణ పుస్తకాలు విడిగా సర్ది ఉండడం వల్ల వెతుకులాట తక్కువ, ధర కాస్త ఎక్కువ. కలకత్తా కాలేజ్ స్ట్రీట్ గురించి చెప్పనవసరం లేదు.

పత్రికల విషయంలో పుస్తకాల కొట్టుకు రాకముందే చిత్తు కాగితాల కొట్టులో పట్టుకోవడం అసలు కిటుకు. పుస్తకాన్ని అమ్మవచ్చునని కాగితాల వ్యాపారికి తెలుసు. పాత పత్రికను మాత్రం తూకానికి వేసి మిల్లుకు పంపేస్తాడు. మీ పేటలోని కొట్టు యజమానికి ఏ పత్రికలు కావాలో ఒక పాత ప్రతి చూపించి చెప్పి, తూకం ధరకంటే ఎక్కువ ఇస్తామని మాట ఇస్తే విడిగా తీసిపెడతాడు. పేరు చూసి గుర్తుపట్టమనడం కంటే అట్ట చూపించడం పనికొస్తుంది.

ధర ఎంత ఇవ్వవచ్చు?

ఇంత అని చెప్పడం సాధ్యం కాదు. మొదటి సంచిక, ప్రత్యేక సంచిక, అట్టతో సహా చెక్కుచెదరని ప్రతి, వరుస తెగని సంపుటి అన్నవి ధరను పెంచుతాయి. విడి సంచికలను ఎక్కువ ధరకు కొనడం కంటే ఒక ఏడాది సంచికలు వరుసగా ఉన్న కట్టను కొనడమే మేలు. విదేశీ అమ్మకందారులు ప్రతి స్థితిని వర్ణించేటప్పుడు "గుడ్" అని రాస్తే అది బాగా వాడి నలిగిన ప్రతి అని అర్థం చేసుకోవాలి. ఆ వ్యాపారంలో దానికి పైన "వెరీ గుడ్", "ఫైన్" అన్న మెట్లు ఉన్నాయి. ఫోటోలు అడగకుండా డబ్బు పంపవద్దు.

సంచిక మీద తేదీ లేదు. ఏ సంవత్సరానిదో ఎలా తెలుసుకోవాలి?

ఉద్యమ ప్రచురణలలో ఇది చాలా తరచుగా ఎదురయ్యే సమస్య. కరపత్రం మీద "వచ్చే ఆదివారం" అని మాత్రమే ఉంటుంది, ఏ నెలో ఏ ఏడో ఉండదు. అయినా కాగితం మీద ఉన్న చిన్న ఆధారాలను కలుపుకుంటే చాలావరకు ఒకటి రెండేళ్ళ తేడాతో కాలం నిర్ణయించవచ్చు.

చిరునామాను ముందు చూడండి. ఆరంకెల పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది, కనుక పిన్‌కోడ్ ఉన్న ప్రతి దానికి ముందుది కాదు. పిన్‌కోడ్ లేనంత మాత్రాన ముందుదేనని మాత్రం అనుకోకూడదు, ఎందుకంటే చాలా ఏళ్ళపాటు పాత అలవాటుతోనే అచ్చువేసినవారున్నారు. ఇంగ్లీషు పత్రికలలో బొంబాయి పేరు ముంబయిగా మారింది 1995లో, మద్రాసు చెన్నైగా మారింది 1996లో. బ్రిటిష్ పత్రిక మీద ధర షిల్లింగులలో ఉంటే అది 1971 ఫిబ్రవరికి ముందుది, ఎందుకంటే ఆ నెలలోనే ఆ దేశం దశాంశ నాణేలకు మారింది. పుస్తకం మీద పదమూడంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఒక్కటే ఉంటే అది 2007 తర్వాతి ముద్రణ కావడానికే అవకాశం ఎక్కువ.

భారతీయ పత్రికలలో మరొక మంచి ఆధారం ఉంది. రిజిస్టరైన ప్రతి పత్రిక ఏటా ఫిబ్రవరి ముగిసిన తర్వాత వచ్చే మొదటి సంచికలో యాజమాన్య వివరాల ప్రకటనను, అంటే ఫారం 4ను, ప్రచురించాలన్నది 1956 నాటి నిబంధన. సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త, యజమానుల పేర్లు, చిరునామాలు అందులో ఉంటాయి. అట్ట ఊడిపోయిన సంచికలో ఈ ప్రకటన కనిపిస్తే అది మార్చి సంచిక అని దాదాపుగా నిర్ణయించవచ్చు. ఒక పత్రిక చేతులు మారిన కాలాన్ని తెలుసుకోవడానికి మార్చి సంచికలను వరుసగా పోల్చి చూడడంకంటే నమ్మకమైన పద్ధతి లేదు. అందుకే ఏ పత్రికనైనా కొద్ది సంచికలే కొనగలిగితే మార్చి సంచికలకు ప్రాధాన్యం ఇవ్వమని చెబుతాము. "ప్రైవేటు సర్క్యులేషన్ కోసం" అని ముద్రించిన బులెటిన్లు రిజిస్ట్రేషన్ లేకుండా నడిచినవి కనుక వాటిలో ఈ ప్రకటన ఉండదు. వాటికోసం తపాలా ముద్రను, పాఠకుడు పెన్నుతో రాసుకున్న తేదీని వెతకాలి.

ఇక మిగిలేది లోపలి విషయం. 1989 సెప్టెంబరు 28న మధ్యప్రదేశ్‌లోని హర్సూద్‌లో వినాశకర అభివృద్ధికి వ్యతిరేకంగా జరిగిన మహాసభకు రమ్మని పిలిచే కరపత్రం మీద ఏడాది లేకపోయినా, ఆ సభ తేదీ తెలిసినవారికి దాని కాలం తెలిసినట్టే. ఆ హర్సూద్ పట్టణం 2004లో నర్మద మీది ఇందిరా సాగర్ జలాశయంలో మునిగిపోయింది. ఆ ఊరి పేరున్న కాగితానికి ఆ తర్వాత వచ్చిన విలువ వేరు.

మొదటి ముద్రణను ఎలా గుర్తుపట్టాలి?

పర్యావరణ పుస్తకాలలో సేకర్తలు ఎక్కువగా అడిగేది పురుగుమందుల ప్రమాదం మీద రేచల్ కార్సన్ రాసిన "సైలెంట్ స్ప్రింగ్" గురించి. అమెరికాలో హౌటన్ మిఫ్లిన్ సంస్థ దానిని 1962 సెప్టెంబరులో 5 డాలర్ల ధరకు ప్రచురించింది. అదే ఏడాది అక్టోబరుకు బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ దానిని ఎంచుకోవడంతో క్లబ్ ప్రతులు పెద్ద సంఖ్యలో చలామణీలోకి వచ్చాయి. అవి కూడా 1962 నాటివే, చూడడానికి ఒకేలా ఉంటాయి. పై కవరు లోపలి మడతమీద ధర అచ్చయి ఉందా లేదా అన్నది మొదటి పరీక్ష. క్లబ్ ప్రతులకు సాధారణంగా ధర ఉండదు, వెనుక అట్ట కింది మూలలో చిన్న నొక్కుడు గుర్తు ఉంటుంది. మడత మూల కత్తిరించి ఉంటే అనుమానించాలి.

పుస్తకం కంటే ముందు ఆ రచన 1962 జూన్‌లో "న్యూయార్కర్" వారపత్రికలో మూడు భాగాలుగా వచ్చింది. పురుగుమందుల కంపెనీల ఆగ్రహం మొదలైంది ఆ సంచికలతోనే. మొదటి ముద్రణ పుస్తకం మధ్యతరగతి సేకర్తకు అందదు. ఆ మూడు సంచికలు అంతకంటే తక్కువలో దొరికే అవకాశం ఉంది, చరిత్ర దృష్టితో చూస్తే అవే ముందు వచ్చినవి.

విదేశాల నుంచి తెప్పించుకోవడం లాభమేనా? దేశంలో పోస్టు ఎలా?

పుస్తకం ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ అవుతుంది. అమెరికా తపాలా సంస్థ ఓడ మార్గంలో పంపే చవక సర్వీసును 2007లోనే మానేసింది. 2019 బడ్జెట్‌లో మన ప్రభుత్వం దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం విధించింది. ఆర్డరు పెట్టే నాటికి రేటు ఎంత ఉందో చూసుకోవాలి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో బంధువులున్నవారు అక్కడి చిరునామాకు తెప్పించి, వారు వచ్చేటప్పుడు తెమ్మనడమే తెలుగువారికి అన్నిటికంటే అనుకూలమైన దారి. అమెరికాలోని చాలా ఊళ్ళలో గ్రంథాలయ మిత్ర సంఘాలు జరిపే వార్షిక అమ్మకాలలో పాత పత్రికలు అతి తక్కువ ధరకు ఇస్తారు. అక్కడున్న పిల్లలకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

దేశంలో పుస్తకాలు పంపుకోవడానికి తపాలా శాఖ 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ ప్రారంభించింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. క్రమం తప్పకుండా వెలువడే పత్రికలకు, వ్యాపార ప్రకటనలున్న ప్రచురణలకు ఇది వర్తించదు కనుక పత్రికల కట్టలను పార్సిల్‌గా పంపవలసిందే.

పాత కాగితం పసుపుపచ్చగా మారి విరిగిపోతోంది. ఏం చేయాలి?

జరిగినదాన్ని వెనక్కి తిప్పలేము, వేగాన్ని తగ్గించగలము. న్యూస్‌ప్రింట్‌ను కలప గుజ్జును పెద్దగా శుద్ధి చేయకుండా తయారుచేస్తారు. అందులోని లిగ్నిన్ వెలుతురుకు, గాలికి రంగు మారుతుంది, కాగితంలోని ఆమ్లం పోగులను తినేస్తుంది. ఎండ పడే గోడకు, వంటింటికి, స్నానాల గదికి దూరంగా, ఇనుప బీరువాలో లేదా అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచాలి. న్యూస్‌ప్రింట్ పత్రికలను నిలబెడితే వాటి బరువుకు అవే వంగి చిరుగుతాయి. ఒక్కో సంచికను ఆమ్లరహిత కాగితంలో గాని, పాలిప్రొపిలిన్ లేదా పాలియెస్టర్ కవరులో గాని ఉంచవచ్చు. బజారులో దొరికే మెత్తని పీవీసీ కవర్లు మాత్రం వద్దు. కొన్నాళ్ళకు అవి జిగటగా మారి సిరాను లాగేసుకుంటాయి. తుప్పు పట్టిన పిన్నులను పిన్నుల రిమూవర్‌తో లాగకుండా, వెనుక కాళ్ళను నిదానంగా విప్పి తీసి, వాటి స్థానంలో నూలు దారంతో కుట్టాలి.

చెదలు, సిల్వర్ ఫిష్, బూజు వాసన సంగతి?

కోస్తా జిల్లాలలో వానాకాలం ఇది నిత్యం ఎదురయ్యే బాధ. గాలిలో తేమ 60–65 శాతం దాటి చాలాకాలం ఉంటే బూజు పడుతుంది, కనుక అన్నిటికంటే ముందు తేమను చూడాలి; చిన్న తేమ కొలిచే మీటరు కొని బీరువాలో ఉంచండి. వేపాకు కొంతవరకు పురుగును దూరంగా ఉంచుతుందని మన ఇళ్ళలో వాడుతూ వచ్చారు. బాగా ఎండినది మాత్రమే, కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి పెట్టాలి. కలరా ఉండల ఆవిరి మనుషులకు మంచిది కాదు. మనుషులు పడుకునే గదిలోని బీరువాలో వాటిని వాడవద్దు.

చిత్తు కాగితాల కొట్టు నుంచి తెచ్చిన ఏ ప్రతినీ నేరుగా మిగిలినవాటితో కలపకూడదు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చచ్చిపోతాయి. బయటికి తీశాక సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పవద్దు, లేకపోతే కాగితం మీద నీరు పడుతుంది. బూజు ఫ్రీజర్‌తో చావదు. ఆరిన తర్వాత మాస్కు పెట్టుకుని, మెత్తని కుంచెతో ఆరుబయట దులపాలి. తడిసిన పత్రిక నునుపైన ఆర్ట్ పేపర్ అయితే ఆరకముందే పేజీలు విడదీయాలి, ఆరాక అవి ఒకే అట్టలా అతుక్కుపోతాయి.

సంచికలన్నీ కలిపి బైండు చేయించవచ్చా?

వారపత్రికల సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించుకోవడం తెలుగు ఇళ్ళలో గొప్ప అలవాటు. ఎన్నో నవలలు ఈనాటికి మిగిలింది ఆ బైండుల వల్లనే. అయితే ఆ పద్ధతిలో అట్టలు, ప్రకటనలు, లేఖల పేజీలు పోతాయి, అంచులు సమంగా రావడానికి మూడు వైపులా కోస్తారు. ఉద్యమ పత్రికకు ఇది తీరని నష్టం. అరుదైన సంచికలను విడిగానే ఉంచండి. తప్పనిసరిగా బైండు చేయించదలిస్తే అట్టలతో సహా, అంచులు కోయకుండా, కుట్టు మడతలోనే వేయమని చెప్పి, దగ్గర ఉండి చేయించుకోవాలి.

చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించవచ్చా? లామినేషన్?

రెండూ వద్దు. టేపు జిగురు గోధుమరంగు మరక అవుతుంది, లామినేషన్ మళ్ళీ తీయలేము. పలుచని జపనీస్ టిష్యూ కాగితాన్ని గోధుమ గంజి జిగురుతో అతికించండి, కావాలంటే తర్వాత తడిపి తీయవచ్చు. పేజీల మీద ఏది రాయవలసి వచ్చినా పెన్సిలుతోనే.

స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?

సొంత చదువుకు, పరిశోధనకు స్కాన్ చేసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. అందరికీ అందేలా పెట్టడం వేరు. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది, పత్రికలోని ఒక్కో వ్యాసానికి ఒక్కో హక్కుదారు ఉండవచ్చు. ఉద్యమ సంస్థలు అడిగితే చాలాసార్లు సంతోషంగా అనుమతిస్తాయి, కనుక అడగడమే సరైన పద్ధతి. అనుపమ్ మిశ్ర 1993లో వచ్చిన తన చెరువుల పుస్తకానికి కాపీరైటే వద్దనుకున్నారు. అందువల్లనే అది ఎన్నో భాషలలోకి వెళ్ళింది.

ఏది స్కాన్ చేయాలో నిర్ణయించే ముందు ఇప్పటికే ఉన్నవాటిని చూసుకోండి. "హోల్ ఎర్త్" ప్రచురణలు 2023 నుంచి ఉచితంగా చదవడానికి దొరుకుతున్నాయి. "ఎర్త్ ఫస్ట్" తొలి సంపుటాలను మ్యూనిక్‌లోని రేచల్ కార్సన్ సెంటర్ తన పర్యావరణ చరిత్ర పోర్టల్‌లో ఉంచింది. మీ స్కానర్ సమయాన్ని తెలుగు కరపత్రాలకు కేటాయించండి. స్కానర్ స్పష్టత 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉంటే చాలు, ఖాళీ పేజీలను, వెనుక అట్టను కూడా వదలకూడదు.

జాబితాలో ఏమేమి రాసుకోవాలి?

పత్రిక పేరు, సంపుటి, సంచిక, నెల, ఏడాది, పేజీల సంఖ్య, లేని పేజీలు, అచ్చయిన ఊరు, భాష. వీటితో పాటు ఆ ప్రతి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో తప్పక రాయాలి. ఒక కరపత్రం ఫలానా ఊరి ఉపాధ్యాయుడి ఇంట్లో దొరికిందన్న సమాచారం ఆ కరపత్రం ఎంత దూరం చేరిందో చెబుతుంది. సేకర్త రాయకపోతే అది మరెవరికీ తెలిసే అవకాశం లేదు. ఇచ్చినవారు పేరు బయటపెట్టవద్దంటే ఊరు, ఏడాది మాత్రం రాసుకుని వారి మాట నిలబెట్టండి. కేసులు నడిచిన ఉద్యమాల విషయంలో ఇది చాలా అవసరం.

ఒకే సంచిక రెండు ప్రతులు ఉంటే?

మంచిది ఉంచుకుని రెండవది మరొక సేకర్తకు మార్పిడిలో ఇవ్వండి. తెలుగు కరపత్రమైతే రెండూ ఉంచి, ఒకటి వేరే ఊరిలో దాచండి.

మా తర్వాత ఈ సేకరణను ఎవరికి అప్పగించాలి?

ఇది ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోవలసిన విషయం. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి గ్రంథాలయాలు పాత పత్రికల విలువ తెలిసినవి. ఏ గ్రంథాలయానికైనా కట్టలు తీసుకెళ్ళి గుమ్మంలో దింపకుండా, ముందు జాబితా పంపి, ఏవి తమ దగ్గర లేవో వారిచేతనే గుర్తు పెట్టించుకోవాలి. చోటు, సిబ్బంది కొరత ఉన్న గ్రంథాలయం జాబితా లేని విరాళాన్ని మూలన పడేయడమే జరుగుతుంది. విడి కాగితాలను, కరపత్రాలను వారు ఎలా భద్రపరుస్తారో అడగండి, ఎందుకంటే చాలా గ్రంథాలయాల నమోదు పద్ధతి పుస్తకాల కోసమే తయారైంది. ఉద్యమం వారీగా, ఊరు వారీగా పెట్టెలలో సర్ది, ప్రతి పెట్టె మీద జాబితా అంటించి ఇస్తే దానిని ఒకే పుస్తకంగా నమోదు చేయగలుగుతారు. తీసుకోలేమన్న కట్టలను ఎవరికి ఇవ్వాలో కూడా ఆ జాబితా చివరనే రాసి, ఇంట్లో బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో వారికి ఒక నకలు ఇవ్వండి.